ముద్దాయా, రోగా?

తాగుడుకు బానిసైన మనిషి మన రెండు చట్టాల్లో కనిపిస్తాడు. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం అమల్లోకి తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధంలో ముద్దాయి. పార్లమెంటు 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రోగి.

మొదటిదాన్ని కొట్టిపారేయను. సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ల తెగువ వెనక లేకపోతే అది వచ్చేదే కాదు. అయితే అది కొట్టుకు తాళం వేసింది గానీ, ఏళ్ల తరబడి తాగిన ఒంటికి మర్నాటి నుంచి ఏమవుతుందన్నది దానికి పట్టలేదు. 1997లో సడలించేసరికి కొట్లు తెరుచుకున్నాయి.

ఒంటి సంగతి బందరు, దివిసీమల్లో భవానీ దీక్షల రోజుల్లో తెలుస్తుంది. మాల వేసుకున్నవాడు మందు ఒక్కసారిగా మానేస్తాడు. మర్నాటికల్లా చేతులు వణుకుతాయి, ఎర్రబట్టలు చెమటకు తడిసిపోతాయి, కంటిమీద కునుకుండదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు గోడమీద లేని పురుగుల్ని ఏరుతుంటారు, ఎవరో పిలిచారని లేచి పోబోతారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనో, నియమం తప్పిందనో హడలిపోతారు. నిజానికది ప్రాణం మీదికొచ్చే జబ్బు. వేళకు మందులు, థయమిన్ ఇంజెక్షన్ పడితే గట్టెక్కే జబ్బు.

2017 చట్టం ఈ మనిషిని గుర్తించింది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని జబ్బు నిర్వచనంలోనే చేర్చింది. 18వ సెక్షన్ ప్రభుత్వం నడిపే, లేదా డబ్బిచ్చి నడిపించే వైద్యాన్ని హక్కు చేసింది. పేదలకు ఉచితమంది. కనీస సేవలు జిల్లాలో లేకపోతే, అదే జిల్లాలో మరోచోట చేయించుకున్న వైద్యం ఖర్చు సర్కారే భరించాలంది. ఇంత దయగల సెక్షన్ అరుదు. లోటంతా నిధుల దగ్గరే. నిషేధానికి ఎక్సైజు స్టేషన్లు అప్పటికే ఉన్నాయి. దీనికి డాక్టరు, కౌన్సెలరు, పడక, మాత్రలు కొత్తగా సమకూర్చాలి. చట్టానికి ముందు 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, మద్యపాన రుగ్మత ఉన్నవారిలో దాదాపు 86 శాతానికి వైద్యం అందడం లేదని తేలింది. 2022లో వచ్చిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ (14416) మంచి ఆసరాయే. ఫిట్స్ వచ్చినవాడికి మాత్రం పడకే కావాలి.

డబ్బు లేదంటే నేనొప్పుకోను. మద్యం రాబడి ఏటా ఖజానాకు చేరుతూనే ఉంది. 1977 ఉప్పెన తర్వాత ఈ తీరంలో తుపాను షెల్టర్లకు ప్రభుత్వం ఖర్చుపెట్టింది, స్వచ్ఛంద సంస్థలూ చేయివేశాయి. ప్రాణరక్షణ సర్కారు బాధ్యతని అప్పుడెవరూ కాదనలేదు. ఇప్పుడు అడగాల్సిందీ అదే: 2023లో మొదలైన బందరు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మత్తు విడిపించే పడకలకు విడిగా బడ్జెట్ పద్దు, గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మాత్రల నిల్వ, గిలకలదిండిలో పడవ దిగిన మనిషి మర్నాటి వేట మానుకోకుండా వెళ్లగలిగే సాయంత్రపు ఓపీ.