మిషన్ దొరుకుతుంది, దాని జోడే దొరకదు

పూతరేకు వెయ్యాలంటే బియ్యం కన్నా ముందు కుండ కుదరాలి. బోర్లించిన కుండ వీపు నున్నగా ఉండి, అంతటా ఒక్క తీరున కాగితేనే, పల్చటి పిండిలో ముంచిన గుడ్డను అలా పరిచి లాగగానే రేకు లేస్తుంది. అన్నం వండుకునే కుండతో ఆ పని కాదు, దానికంటూ చేయించుకోవాల్సిందే. 2023లో మా ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పొగడ్తలన్నీ రేకుకే పోయాయి, కుండను తలుచుకున్నవాళ్ళు తక్కువ. నేను రాస్తున్నది పూతరేకుల గురించి కాదు. జోడు సామాను లేక మూగబోయిన కొన్ని పాత యంత్రాల గురించి, ఆ సామాను కోసం వెతికేవాళ్ళ విద్య గురించి.

1980లో జపాన్ కంపెనీ షార్ప్ పీసీ-1211 అనే యంత్రాన్ని తెచ్చింది. చూపులకు పొడుగాటి కాలిక్యులేటరే. కాని అందులో బేసిక్ భాషలో ప్రోగ్రాం రాసుకోవచ్చు. తెర ఒకటే వరస, 24 అక్షరాలు. అమెరికాలో రేడియో షాక్ దుకాణాలు దీన్నే టీఆర్‌ఎస్-80 పాకెట్ కంప్యూటర్ అని తమ పేరు వేసుకుని అమ్మాయి. అంతకు ఏడాది ముందే హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ళ హెచ్‌పీ-41సీ వచ్చింది. అది స్పేస్ షటిల్ ఎక్కి అంతరిక్షానికీ వెళ్ళింది. 1981లో షార్ప్ పీసీ-1500, ఆ తర్వాత క్యాసియో పీబీ-100. ఇంజనీర్లు, సర్వేయర్లు, లెక్కల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు వీటిని జేబుల్లో పెట్టుకు తిరిగిన కాలమది.

ఈ మిషన్లు ఇవాళ్టికీ దొరుకుతాయి. వెతికితే నెలకొకటి కంటబడుతుంది. దొరకనిది వాటికి తగిలించే సామాను. అది లేకపోతే ఏమవుతుందంటారా? బ్యాటరీ తీస్తే రాసిన ప్రోగ్రాం పోతుంది. పోకుండా ఉండాలంటే దాన్ని ధ్వనిగా మార్చి టేపురికార్డరులో దాచాలి, అందుకు క్యాసెట్ ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా కావాలి. ఒంటి వరస తెర మీద వంద లైన్ల ప్రోగ్రాం చదవడం తలుపు సందులోంచి సినిమా చూడటమే, కాబట్టి ప్రింటరూ కావాలి. మిషన్ కొన్న ప్రతివాడూ ప్రింటరు కొనలేదు. కొన్న ప్రింటర్లలో మరలు, రబ్బర్లు, బ్యాటరీలు ఉంటాయి గనక అవి మిషన్ కన్నా ముందే చచ్చాయి. అరుదైపోవడానికి ఈ రెండే కారణాలు.

ఈ వేటలో మొదటి పాఠం నంబర్లు. షార్ప్‌లో మిషన్ పేరు పీసీతో మొదలైతే తోడు సామాను పేరు సీఈతో మొదలవుతుంది. పీసీ-1211కు క్యాసెట్ డబ్బా సీఈ-121, ప్రింటరుతో కలిపి కావాలంటే సీఈ-122. పీసీ-1500కు సీఈ-150. తర్వాత వచ్చిన పీసీ-1251, పీసీ-1401 లాంటివాటికి పక్కన 11 పిన్నుల సాకెట్టు ఉంటుంది, వాటికి సీఈ-126పీ ప్రింటరు. పీసీ-1500ది 60 పిన్నుల దారి. ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. క్యాసియో పీబీ-100కైతే ఎఫ్‌ఏ-3 క్యాసెట్ డబ్బా, ఎఫ్‌పీ-12 ప్రింటరు. ఇవి నోటికి రాకుండా సంతకెళ్తే డబ్బు దండగ.

నంబర్ల తర్వాత మారుపేర్లు. పీసీ-1500నే రేడియో షాక్ పీసీ-2గా, క్యాసియో పీబీ-100నే పీసీ-4గా అమ్మింది. అమ్మేవాడు పైన ఉన్న పేరే రాస్తాడు. అందరూ షార్ప్ సీఈ-150 అని వెతుకుతుంటే, తెలిసినవాడు పీసీ-2 ప్రింటరు అని వెతికి తక్కువ ధరకు పట్టుకుపోతాడు.

ఎక్కడ వెతకాలి? 1991కి ముందు విదేశీ ఎలక్ట్రానిక్ సరుకు మన దేశంలోకి రావడం కష్టం. వస్తే సూట్‌కేసుల్లో రావాలి, లేదా మద్రాసు బర్మా బజారులో దొరకాలి. మన కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళు ఎంతమందో మనకు తెలుసు. సెలవుకి వచ్చినప్పుడు టేపురికార్డరు, క్యాసియో గడియారం, అత్తరు సీసాలతో పాటు ఇలాంటివీ తెచ్చినవారు ఉండకపోరు. అందుకే మన ప్రాంతంలో అసలైన గని అటకమీది ట్రంకు పెట్టె. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన ఇంజనీర్లను, పాలిటెక్నిక్ లెక్చరర్లను కూడా మర్యాదగా అడిగి చూడవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజారు, విడిభాగాలకైతే కోఠి గుజరాతీ గల్లీ. సంతకి పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కాక మిగిలేది చార్జర్ల వైర్లే. విదేశీ వేలాల్లో సరుకు ఎక్కువే గాని, రవాణా, కస్టమ్స్ సుంకం కలిపితే ప్రింటరు ధర రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. అమెరికాలో ఉన్న మేనల్లుడి చేత తెప్పించుకోవడం మన పాత పద్ధతే, ఇప్పటికీ అదే చవక.

‘చెక్ చేయలేదు’ అని అమ్మేవాడు రాశాడంటే చెక్ చేశాడు, పనిచేయలేదు అని అర్థం చేసుకోవాలి. కాబట్టి మూడు ఫొటోలు అడగాలి: బ్యాటరీ గది తలుపు తీసి ఒకటి, పిన్నుల వైపు ఒకటి, కరెంటు పెట్టి ఒకటి. మొదటి రెంటిలో పచ్చటి చిలుము కనబడితే ధర సగానికి తగ్గించి మాట్లాడాలి. ఆ ఫొటోలు ఇవ్వననేవాడి దగ్గర కొననే వద్దు.

ఈ సామానంతటిలో నాకు ముచ్చటైనది సీఈ-150. అరచేతిలో పట్టే మిషన్‌కు నాలుగు రంగుల గీతల యంత్రమది. నలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, వేలి కణుపంత బుల్లి బాల్‌పెన్నులు నాలుగు ఒక చక్రంలో కూర్చుంటాయి. పెన్ను అడ్డంగా కదులుతుంటే కాగితం ముందుకూ వెనక్కూ జరుగుతుంది, ఆ రెండు కదలికలూ కలిసి అక్షరమో, వంకర గీతో, వృత్తమో తయారవుతుంది. రంగు మార్చాలంటే పెన్నుల బండి ఒక చివరకంటా పరిగెత్తి తగులుతుంది, చక్రం ఒక గడి తిరుగుతుంది. ఆ చప్పుడు విన్నవాళ్ళకి లేజరు ప్రింటరు మీద మనసు పోదు.

దాని జబ్బులూ అంతే ముచ్చటగా ఉంటాయి. లోపలి నికెల్ కాడ్మియం బ్యాటరీలు కారి బోర్డును తినేస్తాయి. మోటారు ఇరుసు మీది చిన్న ప్లాస్టిక్ పళ్ళ చక్రం పగులుతుంది, అప్పుడు గీత గీయబోయి టకటకమని తడబడుతుంది. పెన్నులు ఎండిపోతాయి. పెన్నులకు మాత్రం దారి ఉంది. అదే కాలంలో కమొడోర్ 1520, అటారీ 1020 అనే ప్రింటర్లు కూడా ఇవే పెన్నులు వాడాయి. షార్ప్ పేరుతో దొరకని పెన్ను కమొడోర్ పేరుతో దొరుకుతుంది. ఇలాంటి బంధుత్వాలు ఎన్ని తెలిస్తే వేటగాడు అంత గట్టివాడు.

హెచ్‌పీ-41 కార్డ్ రీడరుది మరో కథ. చిన్న అయస్కాంతపు కార్డును లోపలికి లాక్కునే రబ్బరు చక్రం ఏళ్ళు గడిచేసరికి కరిగి జిగురు ముద్దవుతుంది. దాన్ని గోకేసి, ఇరుసుకు సరిపడే కొత్త రబ్బరు గొట్టం తొడిగితే చాలాసార్లు మళ్ళీ కార్డు లాగుతుంది. ఇది తెలియక చెడిపోయిందని పారేసినవి ఎన్నో.

అసలు భాగం దొరకనప్పుడు ఊళ్ళో దొరికేదానితో సర్దుకోవడం ఈ విద్యలో సగం. పీసీ-1211 పాదరసపు బిళ్ళ బ్యాటరీలతో నడిచేది. ఒక్కోటి 1.35 వోల్టులు, మొత్తం నాలుగు. పాదరసం విషం గనక అవి ఇప్పుడు రావు. మందుల షాపులో వినికిడి యంత్రానికి ఇచ్చే 675 నంబరు బిళ్ళలు కొలతలో దాదాపు అంతే, వోల్టేజీ 1.4. పైన అంటించిన కాగితం పీకి గాలి తగలనిచ్చాకే పనిచేస్తాయి, ఆ తర్వాత కొన్ని వారాలే ఉంటాయి. సీఈ-126పీ కాగితం చుట్ట కూడా ఇప్పుడు దొరకడం కష్టం. కిరాణా కొట్లో బిల్లు మిషన్‌కి పెట్టే 57 మిల్లీమీటర్ల థర్మల్ రోలు తెచ్చి, ఆ గదిలో పట్టేంత సన్నగా మళ్ళీ చుట్టుకోవాలి. చుట్టేటప్పుడు మందు పూసిన వైపు తారుమారైతే ఖాళీ కాగితం వస్తుంది, గోటితో గీసి చూస్తే నల్లబడేదే మందు వైపు. టేపురికార్డరు బదులు సెల్‌ఫోన్ చాలు, కాకపోతే ధ్వనిని కుదించకుండా రికార్డు చేసే యాప్ ఉండాలి. చిలుము పట్టిన పిన్నులకు వెనిగరో నిమ్మరసమో దూదితో అద్ది, వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. నిమ్మరసం వదిలేస్తే అదే తినేస్తుంది. డబ్బాను తగిలించేటప్పుడూ తీసేటప్పుడూ మిషన్ ఆపే ఉండాలి.

రెండు కాలవల మధ్య ఊళ్ళో ఉండేవాళ్ళకి ఇంకో శత్రువు చెమ్మ. వానాకాలంలో బీరువాలో పెట్టిన తోలు చెప్పుకే బూజు పడుతుంది, పిన్నులెంత. మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోవడమే నాకు తెలిసిన మందు.

ఈ మధ్య ప్రింటర్లలో పగిలిన పళ్ళ చక్రాల బదులు కొత్తవి త్రీడీ ప్రింటరులో పోస్తున్నారు. ప్రింటరు లాగే నటించే చిన్న బోర్డులూ తయారవుతున్నాయి. అసలు సరుకు కానిది ముట్టుకోమనే చాదస్తులు ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ. కొత్త చక్రం వేస్తే ప్రింటరు గీత గీస్తుంది, వెయ్యకపోతే అద్దాల బీరువాలో బొమ్మవుతుంది. నేను ఒప్పుకోనిది వేరొకటి ఉంది. మిషన్, ప్రింటరు, పుస్తకం, తోలు సంచి కలిసి దొరికిన జతను విడదీసి, ముక్కకో ధర కట్టి అమ్మేవాళ్ళున్నారు. దానివల్ల లాభం ఒకసారి వస్తుంది, ఆ జత మళ్ళీ ఎప్పటికీ కలవదు.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్ళుంటారు. సెల్‌ఫోన్ చేసే లెక్కల ముందు ఇవి నిలవవు, నిజమే. కాని పాత క్యాసెట్టులో ఒక ఇంజనీరు కాలవ వాలు లెక్కకో, దూలం బరువుకో రాసుకున్న ప్రోగ్రాం ఉందనుకోండి. దాన్ని చదవడానికి ఆ మిషన్ ఒక్కటే చాలదు, ఆ డబ్బా ఉండాలి. పైగా ఇవి విప్పితే కంటికి కనబడే యంత్రాలు. ఏ పిన్ను ఏం చేస్తుందో, ఏ చక్రం దేన్ని తిప్పుతుందో పదో తరగతి పిల్లవాడికి స్క్రూడ్రైవరు చేతికిచ్చి చూపించవచ్చు. నేటి ఫోన్ విప్పితే ఆ పాఠం దొరకదు.

మీ ఇంట అటకమీద పొడుగాటి కాలిక్యులేటరు లాంటిది ఉంటే, దాని మీద షార్ప్, క్యాసియో, హెచ్‌పీ, రేడియో షాక్ అని ఏదైనా రాసి ఉంటే, పాత సామాన్లవాడి కాటాలో వెయ్యకండి. ముందు లోపలి బ్యాటరీలు తీసెయ్యండి. దానితో వచ్చిన డబ్బా, వైరు, పుస్తకం, క్యాసెట్లు ఎందుకూ పనికిరానట్టు కనబడినా అన్నీ ఒకే సంచిలో వేసి ఉంచండి. ఎవరైనా కొంటామని వస్తే మిషన్ ఒక్కటే ఇవ్వకండి, సంచి మొత్తం ఇవ్వండి.