శత్రువు తల్లి ఏడ్చిన చోట

ఏథెన్స్ వెళ్లినవాళ్లు చాలామంది పార్థెనాన్ కోసం గబగబా ఆక్రోపోలిస్ కొండెక్కేస్తారు. నన్ను మాత్రం దక్షిణపు వాలులోని డయోనిసస్ దేవుడి రంగస్థలం కదలనివ్వలేదు. కొండవాలే ప్రేక్షకులకు గ్యాలరీ. ఇప్పుడు కనిపించే రాతి వరుసలు చాలావరకు క్రీ.పూ. 4వ శతాబ్దంలో, లైకర్గస్ అనే నాయకుడి హయాంలో కట్టినవి. ముందు వరుసలో పాలరాతి ఆసనాలున్నాయి, నట్టనడుమది డయోనిసస్ పూజారిది.

అంతకుముందు చెక్క బల్లలే. క్రీ.పూ. 472లో జనం వాటి మీద కూర్చునే ఎస్కిలస్ రాసిన 'పర్షియన్లు' నాటకం చూశారు. అప్పటికి ఎనిమిదేళ్ల కిందట పర్షియా సేన వాళ్ల ఊరిని తగలబెట్టింది. వెనక్కి తిరిగి తలెత్తితే కొండ మీద కాలిన గుళ్లు. ఎదురుగా, సలామిస్‌లో జరిగిన నౌకాయుద్ధంలో ఓడిన శత్రురాజు తల్లి కుమిలిపోతోంది. అందులో ఏథెన్స్ విజయగర్వం లేదనను, బాగానే ఉంది. అయినా పగవాడి ఇంటి ఏడుపును చివరిదాకా విని, ఆ ఏడు మొదటి బహుమతి ఎస్కిలస్‌కే ఇచ్చారు. నాటకంలో పాడే బృందం ఖర్చు భరించింది, తర్వాత ఏథెన్స్ నాయకుడైన పెరిక్లీస్, అప్పటికింకా యువకుడు. నాటకకళ గురించి నేను విన్న సంగతుల్లో ఇంతకన్నా గొప్పది లేదు.

అలాంటి ప్రేక్షకులు ఎలా తయారయ్యారు? వాళ్లే పాడేవాళ్లు కాబట్టి అనుకుంటాను. వసంతంలో జరిగే డయోనిసియా పండగకు నగరంలోని పది తెగలూ తలా యాభైమంది మగవాళ్లను, యాభైమంది మగపిల్లలను బృందగానం పోటీకి దించేవి. ఏటా వెయ్యి గొంతులు! అందరూ ఊరి పౌరులూ వాళ్ల పిల్లలే. ఆ లెక్కన బల్లల మీద కూర్చున్నవాళ్లలో ఎంతోమంది ఒకప్పుడు కింద గుండ్రటి నేల మీద అడుగు కలిపినవాళ్లే అయ్యుంటారు. ఆడవాళ్లను చూడనిచ్చేవారో లేదో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. ఆ లోటు నన్ను బాధిస్తూనే ఉంటుంది.

పండగ ముగిశాక అక్కడే పౌరసభ కూర్చుని, ఉత్సవంలో జరిగిన తప్పుల మీద ఫిర్యాదులు వినేది. క్రీ.పూ. 348లో వక్త డెమోస్తనీస్ సొంత డబ్బుతో తన తెగ బృందాన్ని తయారుచేస్తే, మీడియస్ అనే ధనికుడు ఆ రంగస్థలంలోనే, అందరూ చూస్తుండగా అతని ముఖం మీద గుద్దాడు. సభ మీడియస్‌దే తప్పని చేతులెత్తి తేల్చింది. డెమోస్తనీస్ తర్వాత రాసిన ప్రసంగం ఇప్పటికీ దొరుకుతుంది. బృందం కోసం చేయిస్తున్న బంగారు కిరీటాలను పాడుచేయడానికి మీడియస్ రాత్రిపూట కంసాలి ఇంట్లో చొరబడ్డాడని కూడా అందులో ఆరోపించాడు.