గోడ తిప్పికొట్టే దెబ్బ

సినిమాలో అయితే మీట నొక్కితే చాలు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఆ పప్పులుడకవు. పేలుడు మందు ఎంత పెట్టారు, ఎవరు ఎంత దూరంలో ఉన్నారు, పక్కన గోడ ఉందా అని ఆట నడిపేవాడు అడుగుతాడు. కథ చల్లారేలోపు లెక్క తేలాలి.

ముందు తూకం. గర్ప్స్ ఆటలో ఒక పౌండు టీఎన్‌టీకి ఆరు పాచికలు వేసి, మొత్తాన్ని రెండుతో హెచ్చిస్తారు. నాలుగు పౌండ్లకు హెచ్చించేది ఎనిమిదితో కాదు, నాలుగుతోనే. దెబ్బ బరువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. టీఎన్‌టీని 1గా పెట్టుకుని మిగతా మందుల సత్తా చెప్పే అంకె కూడా ఆ మూలం లోపలే ఉంటుంది. కాబట్టి రేపటి కాలపు మందుకు కొత్త సూత్రం అక్కర్లేదు, అంకె మారిస్తే సరి. ఆపైన దూరం: ఎన్ని గజాలో దానికి మూడు రెట్లతో భాగించాలి. ఒక పౌండు సగటు దెబ్బ 42, రెండు గజాల దగ్గర అది 7. నాలుగు పౌండ్లయితే అదే 7 నాలుగు గజాల దగ్గర తగులుతుంది. నిజమైన పేలుడులో ఒకే పీడనం అందే దూరం ఘనమూలం లెక్కన పెరుగుతుంది. దూరం రెట్టింపు కావాలంటే మందు ఎనిమిదింతలు కావాలి. ఇక్కడ నాలుగింతలతో సరిపెట్టారు. నాకది లోపంగా తోచదు. ఆట మధ్యలో ఘనమూలం ఎవరు తీస్తారు?

అసలు పనితనం షాడోరన్ ఆటలో ఉంది. ఐదో కూర్పులో హై ఎక్స్‌ప్లోజివ్ గ్రెనేడ్ దెబ్బ 16, మీటరుకు రెండు చొప్పున తగ్గుతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్నవాడికి 12 తగులుతుంది. వాడి వెనక మీటరు దూరంలో గోడ ఉండి, అది కూలకపోతే, తరంగం తిరిగొస్తుంది. మొత్తం నాలుగు మీటర్లు నడిచింది కనుక 8 మిగిలింది. రెండూ కలిపి 20. గోడ కూలితే తిరిగి రావడమనేది లేదు. మూసిన గదిలో పేలుడు ఎందుకంత ఘోరమో తీసివేతలే చెప్పేస్తాయి. ఆటగాళ్లు దీన్ని చంకీ సాల్సా అంటారు. మనవాళ్లయితే రోటి పచ్చడి అనేవారేమో.

మాంగూస్ వారి ట్రావెలర్ ఆటలో గురుత్వాన్ని మలిచి అడ్డంగా మాత్రమే పేలే టీడీఎక్స్ అనే మందుంది. అది ఒట్టి ఊహ. దాన్ని అమర్చే చేతి లెక్క మాత్రం కాదు. అమర్చేవాడు రెండు పాచికలకు తన నేర్పు కలిపి 8 అందుకోవాలి. ఆపైన ఎంత మిగిలితే దెబ్బ అన్నింతలు. 11 వస్తే మూడింతలు. 9 వస్తే, అంతే మందు పెట్టినా, ఒకింతే.