తుంగ దీవులు, తంపర పల్లెలు

పెరూ, బొలీవియాల మధ్య ఉన్న టిటికాకా సరస్సు సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున ఉంది. పలాస వాళ్ళకి కనిపించే పెద్ద కొండ మహేంద్రగిరి 1,501 మీటర్లు. దాని నెత్తిన ఇంకో మహేంద్రగిరిని పెట్టినా ఆ నీళ్ళు అందవు. ఆ నీటిమీద తొతొరా అనే గడ్డి పేర్చుకుని, దానిమీదే గుడిసెలు వేసుకుని ఊరోస్ జనం బతుకుతున్నారు. తొతొరా మన తుంగ కుటుంబానిదే. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో నీటిమీద ఇళ్ళు లేవు, చెట్లమీద పక్షుల గూళ్ళున్నాయి. అయినా రెండు చోట్లనీ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. రెండూ నీటిని నమ్ముకున్నవే, రెండిటినీ చూడ్డానికి పైవాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళకి ఏం చూపిస్తున్నాం, ఏది కప్పెడుతున్నాం?

ఊరోస్ దీవులమీద విమర్శ పాతదే: అదంతా నాటకమని. పడవ దిగగానే రంగు పావడాల ఆడవాళ్ళు పాట అందుకుంటారు, అల్లికలు అమ్ముతారు, గడ్డి పడవలో తిప్పి డబ్బు తీసుకుంటారు. చీకటిపడ్డాక కొందరు ఒడ్డునున్న పూనో పట్నానికి చేరుకుంటారనీ అంటారు. కావచ్చు. కానీ ఆ నాటకంలో ఒక అంకాన్ని మాత్రం నేను వెనకేసుకొస్తాను. ఇంటాయన చిన్న నమూనా ముందు పెట్టుకుని దీవి ఎలా కడతారో చెబుతాడు. తొతొరా వేళ్ళు అల్లుకుపోయిన దిమ్మల్ని కోసి, ఒకదానికొకటి తాళ్ళతో బిగించి, కొట్టుకుపోకుండా లంగరు వేసి, పైన గడ్డిని అడ్డంగా, నిలువుగా పరుస్తారు. అడుగుది కుళ్ళుతూ ఉంటుంది, పైన కొత్తది వేస్తూనే ఉండాలి. అదే గడ్డి మొదలు ఒలిచి, తినమని చేతికిస్తాడు. ఆ ఊరు దేనిమీద నిలబడిందో చూడవచ్చినవాడికి అరగంటలో తెలిసిపోతుంది.

అదే సరస్సులో టకీలే రాతి దీవి. అక్కడ మగపిల్లలు చిన్నప్పుడే టోపీలు అల్లడం నేర్చుకుంటారు. తలమీది టోపీని బట్టి పెళ్ళయినవాడో కాదో చెప్పొచ్చు. ఆ నేత, అల్లికల కళకి యునెస్కో గుర్తింపు 2005లో వచ్చింది. టోపీలకంటే వాళ్ళు పెట్టుకున్న వంతు నాకు గొప్పగా తోస్తుంది. 1970ల చివర టూరిస్టుల రాక మొదలైనప్పుడు దీవివాళ్ళే పడవలు సమకూర్చుకుని, వచ్చినవాళ్ళని వంతులవారీగా ఇళ్ళకి పంచుకున్నారు. తరవాత పూనో కంపెనీల పడవలు దిగాయి. మధ్యాహ్నం భోజనం పెట్టించి సాయంత్రానికి వెనక్కి తీసుకుపోయే బేరం పెరిగాక ఊరి పట్టు సడలింది.

ఇక మన ఊరు. చలికాలానికి ముందే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి తేలినీలాపురం చెట్లమీద గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. చెట్లకింద ఊరు. ఆ రెట్ట, ఆ చేపకంపు, ఆ గోల భరిస్తూనే పక్షుల రాకని శుభమని నమ్ముతారు. చూడవచ్చినవాళ్ళు తలెత్తి ఫొటోలు తీసుకుంటారు, విడిది కేంద్రంలో మ్యూజియం చూస్తారు, టెక్కలి వెళ్ళి టిఫిన్ చేస్తారు. ఊరోస్‌లో మనుషులు మరీ ఎక్కువ కనిపిస్తారు. ఇక్కడ అసలు కనిపించరు.

ఇంకోటి. ఏటా పేపర్లలో ‘సైబీరియా అతిథులు’ అని రాస్తారు. ఈ గూడబాతులు మన దేశంలోనూ చుట్టుపక్కలా గుడ్లుపెట్టి పెరిగేవే. సైబీరియా అనేస్తే హాయి: వాటి తిండి ఎక్కడిదో మనం ఆరా తీయక్కర్లేదు.

తిండి నౌపడ తంపరది. ఉప్పుమడుల పక్కన, వానకి నిండే ఆ లోతట్టు నేలే పక్షికి చేప, పశువుకి మేత, మత్స్యకారుడికి కూడు. కాగితాల్లో మాత్రం ఇలాంటి నేలలకి బంజరు అని పేరు పెట్టి థర్మల్ కేంద్రాలకి కేటాయించారు. 2010 జులై 14న సోంపేటలో బీల అనే చిత్తడి నేల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర, వాటిని వద్దన్నవాళ్ళమీద జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. 2023లో దగ్గర్లోనే మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. తేలినీలాపురంలో తలెత్తి చూసేవాడికి ఇవేవీ కనబడవు. చెట్టుమీది గూడు చూశాడు, ఆ గూటికి మేతనిచ్చే నీటికోసం ప్రాణాలిచ్చిన పల్లెల ఊసు వినలేదు. నాటకమని పేరుపడ్డ ఊరోస్ యాత్ర, ప్రకృతి దర్శనమని పేరుపడ్డ మన యాత్రకంటే ఈ విషయంలో నిజాయితీగా ఉంది.

పావడాలు కట్టించి పాటలు పాడించమని నేననడం లేదు. టకీలే నుంచి తెచ్చుకోవలసింది వంతు, ఊరోస్ నుంచి ఆ గడ్డి పాఠం. ముందు తంపర గట్టుమీద నడక, తరవాత గూళ్ళున్న చింతచెట్టు. దారి చూపించేది సంతబొమ్మాళి వైపు మత్స్యకార కుటుంబాలు వంతులవారీగా. అప్పుడు చిక్కు ప్రశ్నలూ వస్తాయి. కాకరాపల్లి దాకా వెళ్ళినవాళ్ళలో ఎవరో ఒకరు ఇక్కడ ఏం జరిగిందని అడుగుతారు. దానికి మ్యూజియంలో అట్టముక్క చాలదు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళే చెప్పాలి.