‘ముఖద్దిమా’లో పన్ను, వెట్టి, జాహ్‌

ఇబ్ను ఖల్దూన్‌ను అర్థశాస్త్ర పితామహుడిగా కీర్తించడం ముస్లిం రచయితలకు కొత్త కాదు. 1981 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్‌ విలేఖరుల సమావేశంలో ఆయన పేరెత్తిన తర్వాత ఆ కీర్తనకు బయటి సాక్ష్యం కూడా దొరికినట్లయింది. రాజ్యం ఆరంభంలో పన్నురేటు తక్కువ, రాబడి ఎక్కువ. చివరి దశలో రేటు ఎక్కువ, రాబడి తక్కువ. రీగన్‌ ఉదహరించిన భావం ఇది. ‘ముఖద్దిమా’లో ఉన్నదే. అయితే ఆ ఒక్క మాట కోసమే ఆ గ్రంథం తెరిచేవారు గుమ్మం చూచి, ఇల్లు చూశామని చెప్పుకునేవారితో సమానం.

ట్యూనిస్‌లో 1332లో జన్మించిన ఇబ్ను ఖల్దూన్‌ ఎందరో సుల్తానుల కొలువులో పనిచేశారు. ఫెజ్‌ నగర కారాగారంలో రెండేళ్లకు దగ్గరగా గడిపారు. చివరకు దర్బారుల నుంచి తప్పుకొని, నేటి అల్జీరియాలోని ఒక మారుమూల కోటలో 1377లో ఐదు నెలల్లో ‘ముఖద్దిమా’ ముగించారు. ఖజానాను లోపలి నుంచి చూచిన మనిషి కనుకనే ఆయన దృష్టి ఖజానా దగ్గర ఆగలేదు. అది ఎవరి ఇంట్లో నుంచి నిండుతున్నదో చూచింది.

దౌర్జన్యం నాగరికతను నాశనం చేస్తుందని చెప్పే ప్రకరణంలో ఆయన ఒక పారశీక కథ చెబుతారు. గూబల అరుపుకు అర్థమేమిటని బహ్రాం రాజు మతగురువును అడిగాడు. మగగూబ పెళ్లాడతానంటున్నది, ఆడగూబ ఇరవై పాడుబడ్డ గ్రామాలు షరతు పెడుతున్నదని గురువు చెప్పాడు. ఈ రాజు ఏలుబడి ఇలాగే సాగితే వేయి ఇస్తానని మగగూబ సమాధానమట! కథ తర్వాతి విశ్లేషణ ఇంకా విలువైనది. ఒకరి సొత్తు కారణం లేకుండా లాక్కోవడం మాత్రమే జుల్మ్‌ కాదంటారాయన. ప్రజలచేత అన్యాయంగా పని చేయించుకోవడం అతి పెద్ద జుల్మ్‌లలో ఒకటి. ఎందుకంటే సంపాదన అనేది శ్రమకు వచ్చే విలువే. పేదవానికి శ్రమే మూలధనం. తన బ్రతుకుతెరువు కాని పనికి అతణ్ణి లాక్కుపోతే ఆ మూలధనాన్నే దోచినట్లు.

అంతకంటే ఘోరంగా ఆయన ఎంచినది, పాలకులు జనం సరుకును కారుచౌకగా కొని, తిరిగి వారికే అధిక ధరకు బలవంతాన అంటగట్టడం. కొన్న వ్యాపారి ధర పెరుగుతుందని ఆశపడతాడు. ఇంతలో డబ్బు కట్టమని ఒత్తిడి వస్తుంది. వచ్చినకాడికి అమ్ముకుంటాడు. ఇలా నాలుగుసార్లు జరిగితే పెట్టుబడి కరిగి, దుకాణం మూతపడుతుంది. పండ్లు, తినుబండారాలు అమ్మేవారు, చేతిపనివారు, అందరికీ ఇదే గతి అని ఆయన చెబుతారు. పన్నురేటు చర్చల్లో ఈ పండ్ల వ్యాపారి కనిపించడు.

ఇక్కడ అరబీలో ఉన్న ‘తస్ఖీర్‌’ను ‘బలవంతపు శ్రమ’ అని తెలుగు చేస్తే నిఘంటువు సంతోషిస్తుంది గాని పాఠకుడు కదలడు. ‘వెట్టి’ అనాలి. రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించినా, మళ్లీ 1976లో చట్టం చేయవలసి వచ్చిన ఆ మాటను తెలంగాణ పల్లెల్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇంత చూచిన కన్నుకు ఒక చోట మసక కమ్మింది. వెట్టిని గురించిన ప్రకరణం ప్రజల మాటే చెబుతుంది. బానిస శ్రమ విలువ ఎవరికి చెందాలన్న ప్రశ్న అందులో లేదు. పైగా మరొక చోట నల్లజాతులు స్వభావరీత్యానే బానిసత్వానికి లొంగుతాయని వ్రాశారు. దీనిని కాలదోషమని దాటవేసే వ్యాఖ్యాతలు పన్నుల మాటను మాత్రం కాలాతీతమంటారు. ఈ రెండు తూనికరాళ్లు ఒక్క త్రాసులో ఇమడవు.

అయిదవ అధ్యాయంలోని ‘జాహ్‌’ చర్చ మరింత లోతైనది. హైదరాబాదు నిజాముల ‘ఆసఫ్‌జా’ బిరుదులో ఉన్న పదమే ఇది; హోదా, పలుకుబడి అని అర్థం. హోదా గలవానికి జనం తమంతట తామే ఉచితంగా పని చేసి పెడతారు, అతని ప్రాపకం కోసం. కొరడా లేదు, ఫర్మానా లేదు, అయినా శ్రమ చేతులు మారింది. హోదా కావాలంటే పైవానిని పొగడాలి. ఆత్మాభిమానం గలవాడు పేదరికంలో మిగులుతాడు. ఇంతవరకు చెప్పి ఇబ్ను ఖల్దూన్‌, ఈ మెట్లు లేకపోతే మనుషులు పరస్పరం సహకరించరని సమర్థిస్తారు. సహకారం అవసరమే, దాని ఫలమంతా పైమెట్టుకే ఎందుకు చేరాలన్నది ఆయన అడగలేదు.

ఖాజీలు, ముఫ్తీలు, బోధకులు, ఇమాములు, ముఅజ్జిన్‌లు సాధారణంగా ధనవంతులు కారని కూడా అదే అధ్యాయం చెబుతుంది. వారి పని అందరికీ నిత్యావసరం కాదు. తమ విద్య ఘనతను తలచి వారు హోదా గలవారి ముందు వంగరు. ఈ మాటను ఒక పెద్దమనిషి ఒప్పుకోలేదట. తర్వాత ఖలీఫా మామూన్‌ కాలపు దర్బారు లెక్కల చిరుగు కాగితాలు కొన్ని ఇబ్ను ఖల్దూన్‌ చేతికి వచ్చాయి. ఖాజీల, ఇమాముల, ముఅజ్జిన్‌ల జీతాలు అందులో ఉన్నాయి. వాటిని చూపించాక ఆ పెద్దమనిషి మరి వాదించలేదు.