అరవై నిమిషాల కాసెట్టు

మైకేల్ జాక్సన్ని నేను మొదట చూసింది చిరంజీవిలో. 1985లో వచ్చిన 'దొంగ' సినిమాని కొన్నేళ్ళ తర్వాత మా తణుకులో వినాయక చవితి పందిట్లో వీడియో వేస్తే, గోలీమార్ పాటకి నోరు వెళ్ళబెట్టి కూర్చున్నాను. దానికి వెనక 'థ్రిల్లర్' వీడియో ఉందని అప్పుడు తెలీదు. ఆ తర్వాత ఎప్పుడో అసలుది చూసినప్పుడు, ఈ అమెరికా ఆయన మా చిరంజీవిని కాపీ కొట్టాడనే అనుకున్నాను!

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. జాన్ లాండిస్ తీసిన 'థ్రిల్లర్' (1983) దాదాపు పధ్నాలుగు నిమిషాల చిన్న సినిమా. అందులో భయం ముందు, పాట తర్వాత. పక్కనున్న అబ్బాయి మనకి తెలిసినవాడేనా అని ఒక అమ్మాయికి కలిగే అనుమానం దాని కథ. మనవాళ్ళు ఆ అనుమానాన్ని వదిలేసి అడుగుల్ని తీసుకున్నారు. తప్పేమీ లేదు. తెలుగు పాటకి కావలసింది ఊపు. కాని మేం వదిలేసిన ఆ అనుమానమే చాలా ఏళ్ళ తర్వాత నా దగ్గరికి తిరిగొచ్చింది.

1992లో, ఏడో తరగతిలో ఉండగా, 'డేంజరస్' నా చేతికొచ్చింది. చేతికొచ్చింది అంటే, బజార్లో పాటలు రికార్డు చేసిచ్చే కొట్టతను అరవై నిమిషాల ఖాళీ కాసెట్టులో ఎక్కించి, అట్ట మీద బాల్‌పెన్నుతో 'మైకల్ - ఇంగ్లీషు' అని రాసిచ్చాడు. అసలు ఆల్బమ్ డెబ్బై ఏడు నిమిషాలు. చివరి పాటలు పట్టలేదు. పట్టలేదన్న సంగతి కూడా నాకు తెలీదు. 2004లో ఈ దేశం వచ్చాక సీడీ కొనుక్కున్నప్పుడు, నేను పన్నెండేళ్ళు ప్రాణంగా విన్నది పూర్తి ఆల్బమ్ కాదని తెలిసింది.

ఒక్క ముక్క అర్థం కాకుండా అంత ఇష్టం ఎలా కలిగింది? మనది సాహిత్యం పట్టుకుని పాట వినే అలవాటు. "ఎంత బాగా రాశాడండీ" అన్నది మన మెప్పుకోలు. ఆ దారి మూసుకుపోయేసరికి నా చెవి వేరే వాటి మీదకి పోయింది. పెదనాన్నగారబ్బాయి హైదరాబాదు నుంచి 'థ్రిల్లర్' ఆల్బమ్ తెచ్చినప్పుడు 'బిల్లీ జీన్' విన్నాను. ముందు ఒట్టి డ్రమ్ము. తర్వాత దాని పక్కన బేసు గిటారు నడక మొదలుపెడుతుంది. ఆ పైన కీబోర్డు. గొంతు రావడానికి దాదాపు అరనిమిషం పడుతుంది. ఆ ఎత్తుగడ మరీ పొడుగైందని నిర్మాత క్విన్సీ జోన్స్ కుదించమన్నా, దాన్ని వింటుంటేనే నాకు ఆడాలనిపిస్తుందని జాక్సన్ ఒప్పుకోలేదట. ఆయనదే సరైన మాట. గొంతు వచ్చాక కూడా అది పాడ్డం ఒక్కటే కాదు. ఎక్కిళ్ళు, ఊపిరి పీల్పులు, మాట మింగేయడాలు. మృదంగం వాయించే మనిషి నోటితో జతులు చెప్పినట్టు, ఆ గొంతు తాళంలో ఒక వాద్యం.

ఆ పాటకే నేను స్కూలు వార్షికోత్సవంలో హెడ్మాస్టరు గారి ఎదుట వెనక్కి జారుతూ నడిచాను. తనకి అంటగడుతున్న బిడ్డ తనది కాదని ఒక మగవాడు మొత్తుకునే పాట అది అని ఇంజనీరింగులో చేరాక తెలిసి, ఒంటరిగా సిగ్గుపడ్డాను.

అసలు చెప్పదలుచుకున్నది మా పిన్ని గురించి. ఆవిడకి పంతొమ్మిదో ఏట వేళ్ళ మీద బొల్లి మొదలైంది. మూడు సంబంధాలు తప్పిపోయాయి. వేసవిలో కూడా మోచేతులు దాటిన జాకెట్టు వేసుకుని, చెంగు చేతికి చుట్టుకుని తిరిగేది. నా పాటలంటే ఆవిడకి చిరాకు. "ఆ కేకలు ఆపరా" అనేది.

1993 ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రీతో మాట్లాడుతూ జాక్సన్ తన చర్మానికి జబ్బుందని చెప్పాడు. అప్పటిదాకా మా వీధిలో అందరిదీ ఒకటే మాట: నల్లగా పుట్టి సిగ్గుపడి తెల్లరంగు వేయించుకున్నాడని. ఆ కబురు కొన్నాళ్ళకి మా ఇంటికీ చేరింది. పిన్ని నా దగ్గరికొచ్చి, "ఆయనకీ ఇదేనటగా?" అంది. కాసేపాగి, "ఆ ఒంటి చేతి తొడుగు అందుకేనేమోరా" అంది. ఆ తర్వాత కాసెట్టు పెట్టమని అడిగింది. కేకలున్న పాటలు కూడా చివరిదాకా వింది.

'బ్లాక్ ఆర్ వైట్' (1991) వీడియో చివర్లో రకరకాల జాతుల ఆడా మగా ముఖాలు ఒకదాంట్లోంచి ఒకటి కరిగి మారతాయి. అది కంప్యూటర్ పని. పసిఫిక్ డేటా ఇమేజెస్ అనే సంస్థ చేసింది. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ కొన్ని క్షణాలు ఒక కారణం. అప్పుడు నేను చూసింది సాంకేతికతని. పిన్ని చూసింది వేరు: రంగు మారినా మనిషి మిగులుతాడన్న మాట. విమర్శకుడిగా ఇప్పుడు ఆ వీడియోకి వంకలు పెట్టగలను. లోకంలోని వర్ణభేదాన్ని చిరునవ్వులతో సరిపెట్టేసింది అనగలను. 2009లో పోయినప్పుడు శవపరీక్షలో బొల్లి నిజమేనని తేలిన మనిషి, రంగుకి లెక్కేమిటని పాడుతుంటే, ఆ వంకలు నా నోట్లో సగంలో ఆగిపోతాయి.

ఆగని ప్రశ్న ఇంకొకటుంది. 2005 జూన్‌లో, ఒక బాలుడి విషయంలో మోపిన నేరాలన్నిటిలోనూ జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. నేను పండగ చేసుకున్నాను. 2019లో 'లీవింగ్ నెవర్‌లాండ్' అనే డాక్యుమెంటరీలో వేరే ఇద్దరు, పెద్దవాళ్ళయ్యాక, చిన్నతనంలో ఆయన తమని ఏంచేశాడో చెప్పారు. ఆయన వారసుల సంస్థ అదంతా అబద్ధమంది. నా కూతురు అది చూసి, కార్లో ఆ పాటలు పెట్టొద్దంది. "నువ్వు ఆయన్ని నమ్ముతావా నాన్నా?" అని అడిగింది.

కవి వేరు, కవిత్వం వేరు అని మన సభల్లో తేలిగ్గా చెప్పేస్తాం. ఈయన విషయంలో అది చెల్లదు. పసితనం, అమాయకత్వం, లోకంలోని పిల్లలు అన్నవే ఆయన పాటలకి ముడిసరుకు. ఆ మాటలు ఇప్పుడు వింటే చెవికి గుచ్చుకుంటాయి. కాని బిల్లీ జీన్ బేసు నడకలో ఏ లోపమూ రాలేదు. రెండూ నిజాలే, ఒకటి ఇంకొకదాన్ని కొట్టెయ్యదు. నేను తేల్చుకున్నది ఒక్కటే: పాట బాగోగులు చెప్పే అర్హత నా చెవికుంది, మనిషి బాగోగులు చెప్పే అర్హత లేదు. అభిమాని మంచి శ్రోత కావచ్చు, సాక్షి మాత్రం కాలేడు. 2005లో నేను చేసుకున్న పండగ ఆ తేడా తెలియకే.

కిందటిసారి తణుకు వెళ్ళినప్పుడు పిన్నికి ఇదంతా చెప్పాను. పెళ్ళి కాలేదు ఆవిడకి. ఇప్పుడు పొట్టి చేతుల జాకెట్లే వేసుకుంటుంది. ఆ కాసెట్టు ఇంకా బీరువాలో ఉంది. ఆయన మంచివాడో కాదో అడుగుతుందనుకున్నాను.

"చిన్నప్పుడు వాళ్ళ మాట ఎవరైనా విన్నార్రా?" అంది.

నా దగ్గర జవాబు లేదు.