పారదర్శకతను ప్రశ్నావళితో కొలవగలమా?

మీకు కళ్లజోడు ఉంటే, ఈ పేజీ చదువుతున్నంతసేపూ మీరు దాన్ని చూడరు; దానిలోంచి చూస్తారు. సాధనం ఇలా వాడకంలో కనుమరుగు కావడాన్నే పారదర్శకత అంటున్నాం. జర్మన్ తత్త్వవేత్త మార్టిన్ హైడెగర్ 1927లో వెలువడిన గ్రంథంలో దీన్ని సుత్తి ఉదాహరణతో చర్చించాడు. సుత్తి సరిగా ఆడుతున్నంతసేపు ధ్యాసంతా పనిమీదే. పిడి వదులైతేనే సుత్తి గుర్తుకొస్తుంది.

మరి దీన్ని కొలిచేదెలా? సాధారణంగా వాడకం ముగిశాక, "పరికరం మీకు అడ్డుగా అనిపించిందా?" వంటి ప్రశ్నలిచ్చి 1 నుంచి 5 వరకు అంకె వేయమంటారు. చిక్కంతా ఇక్కడే. గమనానికి రాకపోవడమే దేని లక్షణమో, దాన్నే గమనించి చెప్పమంటున్నాం! పైగా, లోపానికి అలవాటుపడిన వ్యక్తి కూడా "అడ్డేమీ లేదు" అనే రాస్తాడు. ఆ అంకెను నమ్మి లోపాన్ని అలాగే వదిలేస్తే, నష్టపోయేది కొత్తగా వాడేవారు.

డోటోవ్, చెమెరో తదితరులు 2010లో ప్రచురించిన ప్రయోగం వేరే దారి పట్టింది. కంప్యూటర్ ఆట ఆడుతున్నవారి మౌస్‌ను మధ్యలో కాసేపు సరిగా పనిచేయనీయకుండా చేసి, చేతి కదలికల్లోని హెచ్చుతగ్గులను విశ్లేషించారు. మౌస్ మొరాయించినప్పుడు వాటి తీరు మారింది. అడగకుండానే జవాబు దొరికిందన్నమాట. ప్రశ్నావళికంటే ఇది నమ్మదగినదే. అయితే ఆ అంతరాయం మనిషికి ఎలా తోచిందో చేతి కదలిక చెప్పదు. అందుకు మళ్లీ మనిషినే అడగాలి; "మొత్తంమీద ఎలా ఉంది?" అని కాదు, పని ఆగిన ఆ క్షణం గురించి.